రెండు పడవల పంటు

ఉద్యోగం చేసుకుంటూ పాట కూడా పట్టుకుంటానంటే మన ఇళ్లలో మొదట వినపడే మాట ఒకటే: రెండు పడవల మీద కాళ్లు పెట్టకురా అని. సామెత అబద్ధం కాదు. కానీ గోదావరి రేవులు ఎరిగినవాళ్లకు దాని తరువాయి కూడా తెలుసు. రెండు నావలను పక్కపక్కన చేర్చి కట్టి, పైన బల్లలు పరిస్తే అది పంటు. మనుషులతో పాటు సైకిళ్లూ మోటారు బళ్లూ కూడా దాని మీద ఏరు దాటాయి. 2002లో వారధి వచ్చేదాకా యానాం నుంచి ఎదుర్లంకకు పోవాలంటే రేవే దిక్కు. పడవలు రెండైనందుకు ఎవరూ మునగలేదు. మధ్యన బల్ల లేకపోతేనే మునిగేది.

యానాంలోని ఫరంపేట లాంటి చోట నిలబడి చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనం 55,626. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి. ఇక్కడి సర్కారు ఉద్యోగి ఫైలు పుదుచ్చేరిది, నోట్లో పాట గోదావరిది. ప్రైవేటు కొలువైతే పొద్దున్నే కాకినాడ బస్సెక్కి, దీపాలు పెట్టాక దిగాలి. స్నానం, భోజనం, పిల్లల లెక్కలు అయ్యాక హార్మోనియం పెట్టె తెరిచే వేళ ఏది? తెరిచినా వినేదెవరు? సినిమా హైదరాబాదులో ఉంది, పెద్ద సభలు పట్నాల్లో ఉన్నాయి. ఉద్యోగం వదిలితేగాని సంగీతం పట్టుబడదనేవాళ్లు ఒక పక్క, ముందు పొట్ట సంగతి చూసుకోమనేవాళ్లు ఇంకో పక్క. రెండు మాటలనూ మన పాట చరిత్ర ముందు పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

గోపన్న కొలువు, త్యాగయ్య బియ్యం

తెలుగు పాటకు ఇద్దరు పెద్దలు రెండు దారులు చూపించారు. కంచర్ల గోపన్న (భక్త రామదాసు) గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. అంటే, ఇవాళ్టి మాటలో, రెవెన్యూ ఉద్యోగి. వసూలు చేసిన శిస్తుతో భద్రాద్రిలో గుడి కట్టించాడు, నగలు చేయించాడు, ఖైదుకు పోయాడు. 12 ఏళ్లు చెరలో ఉన్నాడని మన సంప్రదాయం చెబుతుంది. అక్కడ మొరపెట్టుకున్న కీర్తనలే ఇవాళ ఊరూరా భజన మందిరాల్లో వినిపిస్తున్నాయి. తంజావూరి సీమలో, తిరువయ్యారులో, త్యాగయ్య (1767–1847) ఉంఛవృత్తితో బతికాడు. పొద్దున్నే వీధుల్లో పాడుకుంటూ వెళ్లి, ఇంటింటా వేసిన గుప్పెడు బియ్యంతో ఆ పూట గడుపుకున్నాడు. తంజావూరు రాజు శరభోజి పంపిన కానుకలను తిప్పి పంపాడని చెబుతారు.

వీళ్లలో ఎవరు గొప్ప అని తూచడానికి ఈ కథలు ఎత్తుకోలేదు. త్యాగయ్యకు ఆ బియ్యం ఇచ్చిందేమిటో గమనించాలి. ఎవరినీ పొగడక్కర్లేని తెగువ ఇచ్చింది. ఇవాళ నెల మొదటి తారీఖున పడే జీతం కూడా అదే పని చేయగలదు. పిలిచినవాడు ఫలానా పాటే పాడమంటే కుదరదని చెప్పవచ్చు, గిట్టని రాగాన్ని పక్కన పెట్టవచ్చు, నచ్చిన కృతిని ఆర్నెల్లు నమలవచ్చు. పొట్ట కోసం పాడేవాడికి ఈ వెసులుబాటు ఉండదు. ఉద్యోగం సంగీతానికి అడ్డమనే ముందు ఈ లాభాన్ని లెక్కలో వేసుకోవాలి. గోపన్న కథలో వేరే హెచ్చరిక ఉంది: కొలువు సొమ్మునూ మనసు సొమ్మునూ ఒకే సంచిలో వేస్తే లెక్క చెప్పాల్సిన రోజు వస్తుంది. ఆఫీసు వేళలో, ఆఫీసు కంప్యూటరు మీద పాట కూర్చుకునేవాళ్లు గుర్తుంచుకోదగిన సంగతి.

పాటే కొలువైనవాళ్లు

20వ శతాబ్దం మూడో దారి తెరిచింది. 1919లో విజయనగరం రాజావారి సంగీత పాఠశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. సంగీతం నేర్పినందుకు నెల జీతం! 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం వచ్చాక ఈ దారి ఇంకా విశాలమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, అన్నవరపు రామస్వామి లాంటివాళ్లకు ఆకాశవాణి కొలువే కచేరీ వేదిక కూడా అయింది. మా గోదావరి వైపు నుంచి చూస్తే, యానాంకి పట్టుమని పాతిక కిలోమీటర్లు లేని ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ జెమినీ స్టూడియో మీదుగా ఆకాశవాణి చేరింది. ఆయన శిష్యుడు చిట్టిబాబు కాకినాడవాడు.

ఈ దారికి అంచు కూడా ఉంది. ఇలాంటి కొలువులు ఏ కాలంలోనైనా పిడికెడుమందికే. పైగా పాటే ఉద్యోగమైతే పాటకు సెలవు లేదు. పాఠం చెప్పి చెప్పి అలసిన గొంతుతో ఇంటికొచ్చి తన కోసం శ్రుతి పెట్టుకునే ఓపిక ఎందరికి మిగులుతుంది? ఇది సంగీతం మాస్టార్లు నోరు విప్పి చెప్పుకోని బాధ.

స్టెతస్కోపూ తంబురా

పూర్తికాలపు ఉద్యోగంతో పాటు సంగీతాన్ని అంచు దాకా తీసుకుపోయిన మనిషి ఎవరని అడిగితే తెలుగువాళ్లం వెతుక్కోనక్కర్లేదు. డాక్టర్ శ్రీపాద పినాకపాణి. శ్రీకాకుళం సీమలోని ప్రియాగ్రహారంలో 1913 ఆగస్టు 3న పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, వైద్యం బోధించి, కర్నూలు వైద్య కళాశాలలో పనిచేసి, అక్కడే స్థిరపడి, 2013 మార్చి 11న నూరో ఏట కన్నుమూశారు. వార్డు రౌండ్లు, పరీక్ష పేపర్లు, రోగులు ఏవీ ఆయన వదల్లేదు. మరి సంగీతం? నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది.

డాక్టరుగారు దీన్ని ఎలా కుదుర్చుకున్నారన్నదే మనకు పనికొచ్చే పాఠం. ఊరూరా కచేరీలు తిరిగే జీవితం ఆయన పెట్టుకోలేదు. వైద్యుడి జీవితంలో ఇమిడే సంగీతాన్ని ఎంచుకున్నారు: ఇంట్లో పాఠం, కృతులకు స్వరలిపి, గమకాన్ని కాగితం మీద పట్టే ఓర్పు. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన ‘సంగీత సౌరభం’ సంపుటాలు ఆ ఓర్పుకు సాక్ష్యం. కచేరీకి రైలెక్కాలి, ఆఫీసుకు సెలవు పెట్టాలి. స్వరలిపి రాయడానికి దీపం, కలం చాలు. ఉద్యోగి ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: నా పనివేళల్లో ఇమిడే సంగీతం ఏది? రాత్రి డ్యూటీలు ఉన్నవాడు పండగ ఆర్కెస్ట్రాలో ముఖ్య గాయకుడు కావడం కష్టం. పాటలు కట్టడం, పిల్లలకు సరళీ స్వరాలు చెప్పడం, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించడం అతనికి కష్టం కాదు.

కొలువే పాటకు గనైనప్పుడు

కొందరికి ఉద్యోగం పక్కన మోసే బరువు కాదు, పాట తవ్వుకునే గని. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. యంత్రం మీద ఆయన కట్టిన పాట షాపు ఫ్లోరు తెలియనివాడు రాయగలిగేది కాదు. గోరటి వెంకన్న సహకార శాఖలో పనిచేస్తూనే పల్లెను పాడారు. సుద్దాల అశోక్‌తేజ బడిపంతులుగా పనిచేసి సినిమాకు వెళ్లారు. అంతకు ముందు తరంలో ‘ఎంకి పాటలు’ రాసిన నండూరి సుబ్బారావు ప్లీడరు. పద్యనాటకంలో పేరు మోసిన బందా కనకలింగేశ్వరరావు ఏలూరు న్యాయవాది. పగలు వాదన, రాత్రి రాగం.

కాకినాడకే వస్తే, సిరివెన్నెల సీతారామశాస్త్రి టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూ అక్కడే పాటలు రాసుకున్నారు. దర్శకుడు కె. విశ్వనాథ్ కంటపడి, 1986లో ‘సిరివెన్నెల’ వచ్చాక ఆ సినిమా పేరే ఇంటిపేరైంది. ఆ తరువాత ఉద్యోగం వెనక్కి పోయింది. గద్దర్‌ది మరో తీరు. 1975లో కెనరా బ్యాంకులో గుమస్తాగా చేరి, 1984లో రాజీనామా చేశారు. ఒకరు సినిమా పిలిస్తే వెళ్లారు, ఇంకొకరు ఉద్యమం పిలిస్తే వెళ్లారు. ఇద్దరిలో ఎవరూ పాట ఇంకా పుట్టకముందే కొలువు మానలేదని గమనించాలి. పాట ముందే పండింది, ఆ బరువుకు కొమ్మ వంగింది. ‘ఉద్యోగం మానేశాక మొదలుపెడతా’ అనేవాళ్లకు ఈ వరస తిరగబడి కనిపిస్తుంది.

ఇవన్నీ పెద్ద పేర్లు. రెండు వృత్తుల జీవితాన్ని ఏ పేరూ లేకుండా తరతరాలుగా నడిపినవాళ్లు మన సన్నాయి మేళాలవాళ్లు. తెలుగునాట నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో ఒకే మనిషి పగలు క్షౌరశాలలో కత్తెర పట్టి, ముహూర్తం ఉన్ననాడు సన్నాయో డోలో ఎత్తుకుంటాడు. 1929లో శారదా చట్టం వచ్చాక, బ్రిటిషు సీమలో కుదరని బాల్య వివాహాలు చేసుకోవడానికి జనం ఫ్రెంచి యానాంకు వచ్చేవారు. ఆ పెళ్లిళ్ల తప్పొప్పులు వేరే సంగతి. పెళ్లి ఉన్నచోట మేళం ఉండక తప్పదు కదా. కల్యాణి, మోహన రాగాలు ఆ పందిళ్లలోనే సామాన్యుడి చెవిన పడ్డాయి. వాయించినవాడికి మాత్రం ‘కళాకారుడు’ అన్న మాట దక్కలేదు. పూర్తికాలపు పని చేస్తూ సంగీతం నిలబెట్టడం సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు కనిపెట్టిన కొత్త సమస్య అన్నట్టు మాట్లాడేటప్పుడు ముందు ఈ మేళాలవాళ్లకు దండం పెట్టాలి.

కాగితం ఏమంటుంది

సర్కారు కొలువులో ఉన్నవాళ్ల మొదటి భయం నిబంధనలు. పుదుచ్చేరి ప్రభుత్వ ఉద్యోగులకు కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1964 వర్తిస్తాయి. వీధి దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడితే ఆ రాష్ట్రానికి అదే ఏడాది పేరుతో వేరే నియమాలు ఉన్నాయి. కేంద్ర నియమాల్లో 15వది ముఖ్యం. వ్యాపారం, ఇంకో ఉద్యోగం అనుమతి లేకుండా చేయరాదు. అయితే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పని అప్పుడప్పుడు చేసుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఆఫీసు పని దెబ్బతినకుంటే చాలు. పూర్తిగా కళకు సంబంధించినదైతే రేడియోలో పాడటానికీ అభ్యంతరం లేదు.

చిక్కంతా ‘అప్పుడప్పుడు’ అన్న మాటలో ఉంది. దేవీ నవరాత్రుల్లో ఒక రాత్రి పాడటం అప్పుడప్పుడే. నెలనెలా ప్రకటనల డబ్బు తెచ్చే ఛానెల్, ముహూర్తాల సీజనంతా బయానా తీసుకునే ఆర్కెస్ట్రా కూడా అంతేనా? దీన్ని ఎవరికివారు తేల్చుకోకుండా పై అధికారిని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోవడం మేలు. ప్రైవేటు ఉద్యోగి తన నియామక పత్రాన్ని ఒకసారి తీసి చదవాలి. బయటి ఆదాయం గురించి, ఉద్యోగంలో ఉండగా తయారుచేసిన వాటిపై హక్కుల గురించి అందులో ఒక పేరా ఉండవచ్చు. పాట కట్టాక చదవడం కన్నా ముందే చదవడం తెలివి.

గంటల లెక్క

సాధకానికి పొద్దు చాలదన్నది అందరూ చెప్పే మాట. నిజానికి చాలనిది అలవాటు. రోజూ తెల్లవారుజామున 40 నిమిషాలు అకార సాధన చేసే గొంతు, ఆదివారం ఒక్కసారిగా 5 గంటలు అరిచే గొంతు ఒకటి కావు. గొంతు కండరం. దానికి రోజూ కాస్త పని, కాస్త విశ్రాంతి కావాలి. ఫోన్ల మీద, కౌంటర్ల మీద, తరగతి గదిలో రోజంతా మాట్లాడే ఉద్యోగులు సాయంత్రం పూట పైస్థాయి జోలికి పోకుండా మంద్ర, మధ్య స్థాయిల్లో మెల్లగా పాడుకోవడమే క్షేమం. బస్సులో పోయే గంట కూడా వృథా కాదు. ఒకే కృతిని నలుగురు విద్వాంసులు ఎలా పాడారో విని పోల్చుకోవడం, తొడ మీద తాళం వేసుకుంటూ సాహిత్యం బట్టీ పట్టడం గొంతు ఎత్తకుండా జరిగే సాధకమే.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. ఉద్యోగం చేసే ఇల్లాలికి పడవలు రెండు కాదు, మూడు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. మధ్యనున్న తేడా 202 నిమిషాలు, అంటే ఒక నిండు కచేరీ. మన ఇళ్లలో ఎందరో ఆడపిల్లలు పదేళ్లు సంగీతం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి పెళ్లిచూపుల నాడు పాడిందే ఆఖరి కచేరీ. ఆ తరువాత వీణ అటక ఎక్కింది. కాబట్టి ఉద్యోగం చేస్తూ పాడటం ఎలా అన్న ప్రశ్నకు సగం జవాబు పాడేవాళ్ల క్రమశిక్షణలో లేదు, ఆ ఇంట్లో అంట్లగిన్నెలు ఎవరు తోముతున్నారన్న దగ్గర ఉంది.

కొత్త ఆస్థానం

ఇక ప్రచారం. ఒకప్పుడు ఆకాశవాణి ఆడిషన్ గట్టెక్కి గ్రేడు తెచ్చుకోవడం, తీర్థాల్లో ప్రోగ్రాం దొరకడం పేరుకు దారులు. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక టీవీ ఇంకో గుమ్మం తెరిచింది. ఇప్పుడు ఫోనే స్టూడియో, ఫోనే సభ. గుమ్మం అందరికీ తెరిచే ఉంది, లోపల పీట మాత్రం కొందరికే. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (లేదా చిట్టి వీడియోలకు 90 రోజుల్లో కోటి వీక్షణలు). నాలుగు నిమిషాల పాటైతే 60,000 సార్లు మొదటి నుంచి చివరిదాకా వినాలి. 2011 నాటి యానాం జనమంతా, చంటిపిల్లలతో సహా, తలా ఒకసారి విన్నా ఆ అంకె అందదు! స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లయినా వినని పాటకు రాయల్టీ లెక్క కట్టడం మానేసింది.

ఈ అంకెలు నిరుత్సాహపరచడానికి కాదు, బేరం తెలియడానికి. రోజుకు ఒక గంటే చేతిలో ఉన్న ఉద్యోగి అందులో ముప్పావు గంట థంబ్‌నెయిళ్లకు, రీళ్లకు, కామెంట్లకు జవాబులకు పెడితే సాధకానికి మిగిలేది పావుగంట. రాజును పొగడనన్న త్యాగయ్య వారసులం కనబడని అల్గారిదాన్ని పొద్దున్న లేచింది మొదలు పొగడటం మొదలెడతాం. జీతం ఇచ్చిన తెగువను ఇలా చేజేతులా వదులుకోవడం దండగ. సాధకానికి నాలుగు వంతులు, ప్రచారానికి ఒక వంతు అని ముందే గీత గీసుకోవాలి.

హక్కుల సంగతీ తెలిసి ఉండాలి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య సాహిత్యం అందరిదీ. నిన్నటి సినిమా పాటను కరోకే ట్రాక్ మీద పాడి పెడితే హక్కుదారుడు వచ్చే డబ్బు తీసుకోవచ్చు, వీడియోనే దించేయించవచ్చు. సొంత బాణీ కట్టుకున్నవాడికి ఈ బెడద లేదు. 2012 సవరణ తరువాత సినిమాకు రాసిన రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు ధారపోసే పనీ లేదు.

బయటి సాక్ష్యం

ఇది మన ఒక్కరి గొడవే కాదు. బెంగళూరులో 2003లో పుట్టిన అగం బృందంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులే ఎక్కువ. త్యాగయ్య తెలుగు కృతుల్ని రాక్ వాద్యాల మీద పాడి లక్షలమందికి వినిపించింది వాళ్లే. 2001లో కాలిఫోర్నియాలో కూచిభొట్ల ఆనంద్ మొదలెట్టిన సిలికానాంధ్ర 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండులో లక్ష గళాల అన్నమయ్య సంకీర్తనార్చన జరిపించింది. ఆ గళాల్లో కచేరీ విద్వాంసులు ఎందరు? అత్యధికులు ఉద్యోగులు, గృహిణులు, బడిపిల్లలే. రష్యాలో బొరొదిన్ రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఆయన ఆపెరా ‘ప్రిన్స్ ఇగోర్’ 1887లో ఆయన చనిపోయేనాటికి పూర్తికాలేదు, తోటివాళ్లు ముగించారు. అమెరికాలో చార్లెస్ ఐవ్స్ బీమా వ్యాపారి. ఎప్పుడో రాసిన మూడో సింఫనీకి 1947లో పులిట్జర్ వచ్చేసరికి ఆయన డెబ్బై దాటారు. కొలువుతో కూడిన సంగీతానికి ఆలస్యం ఒక్కటే కట్టాల్సిన శిస్తు కాబోలు.

యానాంకు దగ్గరి సాక్ష్యం మాత్రం ఫ్రాన్సులోనే ఉంది. ఫ్రెంచివాళ్లు యానాం అప్పగించిన 28 ఏళ్లకు, 1982 జూన్ 21న, మంత్రి జాక్ లాంగ్ పారిస్‌లో సంగీత పండగ మొదలెట్టారు. దేశంలో 50 లక్షలమందికి ఏదో ఒక వాద్యం వచ్చు, వాళ్లు వాయించే చోటే లేదన్న లెక్కలోంచి అది పుట్టింది. టిక్కెట్టు లేదు, ఎవరైనా వీధిలోకి వచ్చి వాయించవచ్చు. వృత్తిగా కాక ఇష్టంతో చేసేవాణ్ణి మనం అమెచ్యూర్ అని కాస్త చిన్నచూపుతో పిలుస్తాం. అదీ ఫ్రెంచి మాటే, దానికి అసలు అర్థం ప్రేమించేవాడని.

ఫరంపేటలో పాడగల ఉద్యోగులు ఎందరున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. గుడిలో భజన పాడేవాళ్లు, చర్చి కాయిర్‌లో నిలబడేవాళ్లు, తబలా అటక మీద పెట్టి డ్యూటీకి పోతున్నవాళ్లు ఒకరికొకరు తెలియకుండానే అదే బస్సు ఎక్కుతున్నారేమో. 60,000 వినికిడుల కోసం ఆరాటపడే ముందు ఈ నలుగురూ ఒకరినొకరు వినాలి. నెలకొక సాయంత్రం, గోదావరి గట్టు మీద, మైకు లేకపోయినా సరే, ఒక శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చుంటే ఖర్చు టీ డబ్బులే. వచ్చే నెల మళ్లీ కూర్చోవాలి గనక మధ్యన పొద్దున్నే లేచి 40 నిమిషాలు పాడుకోక తప్పదు. రెండు నావల మధ్య మొదటి బల్ల పడేది అక్కడ.